ఫైళ్ళ పెట్టెలను ఉయ్యాలలు చేసిన రాహేలమ్మ గారు

రాహేలమ్మ గారు దివంగతులయ్యారన్న మాట రాయడానికి కలం సాగడం లేదు. మొన్న ఆదివారం ఉదయం మందుల గదిలో దగ్గుమందు కలుపుతున్నాను. చర్చి గంట వేళ కాని వేళ మోగింది. ఎవరో వృద్ధులు పోయి ఉంటారనుకుని మళ్ళీ పనిలో పడ్డాను. ఇంతలో మా ఆయా హుసేన్‌బీ వచ్చి గడపలో నిలబడింది. "నర్సమ్మ పోయిందప్పా" అని అక్కడే కూలబడింది. కొద్దిరోజుల జ్వరమే గదా అని మేమంతా నిశ్చింతగా ఉన్నాము. సోమవారం పనిలోకి వస్తానని, ఆలోగా వార్డు దుప్పట్లు ఎండలో వేయించి ఉంచమని ముందురోజే కబురు పంపిన మనిషి ఆమె. ఆ దుప్పట్లు ఇంకా తీగ మీదనే ఉన్నాయి. వాటిని మడిచి లోపల పెట్టడానికి ఎవరికీ చేతులు రాలేదు.

కర్నూలు పట్టణంలో పురపాలక సంఘం వారి మా చిన్న ప్రసూతి ఆసుపత్రిని ఎరిగినవారికి రాహేలమ్మ గారిని పరిచయం చేయవలసిన పని లేదు. ఎరుగనివారి కోసం నాలుగు మాటలు రాస్తున్నాను. నేను అక్కడ కాంపౌండరును. ఆమె హెడ్ నర్సు. దాదాపు పదిహేనేళ్ళు ఒకే కప్పు కింద పనిచేశాము.

ఆమె జన్మస్థలం బేతంచెర్ల సమీపంలోని ఒక పల్లె. తండ్రి నాపరాళ్ళ గనిలో రాళ్ళు కొట్టే కూలి, నిష్ఠ గల క్రైస్తవుడు. గనిలో విరిగి మూలన పడేసిన బండముక్కలను ఆయన సాయంత్రం తలమీద మోసుకొచ్చి, ఒకదానికొకటి పొందించి, తమ పల్లె ప్రార్థనామందిరానికి నేల పరిచాడట. "మా నాయన పరిచిన నేల మీదనే నేను మోకరించడం నేర్చుకుంటి" అని ఆమె చెప్పేవారు. మిషను బడిలో చదివి, మిషను ఆసుపత్రిలో నర్సు శిక్షణ పొందారు. చిన్నవయసులోనే భర్త పోయాడు. సంతానం లేదు. కడపలో ఉన్న తమ్ముని కుటుంబమే ఆమెకు రక్తబంధం. కృశించిన దేహం, తెల్లని చీర, నడుమున తాళపుచెవుల గుత్తి, కాళ్ళకు పాత లారీ టైరుతో కుట్టించుకున్న చెప్పులు, ఇదీ ఆమె రూపం. ఆ చెప్పుల చప్పుడు వినపడితే వార్డులో నొప్పులు పడుతున్న తల్లి కూడా ఒక్క క్షణం ఊరట చెందేది.

కొత్త రాష్ట్రానికి మా ఊరు రాజధాని అయిన సంవత్సరం మరపురానిది. మద్రాసు నుంచి ప్రభుత్వ కచ్చేరీలు తరలివచ్చాయి. మైదానాలలో డేరాలు లేచాయి. అద్దెకు ఇల్లు దొరకడం గగనమైంది. ఉద్యోగుల భార్యలు, కట్టడాల పనికి వచ్చిన కూలీల భార్యలు, అందరూ పురుటికి మా ఆసుపత్రికే రావలసి వచ్చింది. మంచాలు చాలక తల్లులను నేలమీద చాపలు పరిచి పడుకోబెట్టాము. పసికందులు వారి పక్కనే. కోసిగి నుంచి ఇటుకల పనికి వచ్చిన ఒక తల్లికి మగబిడ్డ పుట్టాడు. వాన పడి గోడలు చెమ్మగిల్లిన రోజులు. అలసి నిద్రపోయిన తల్లి పక్కన బిడ్డను తేలు కుట్టింది. డాక్టరమ్మ గారు చేయగలిగినదంతా చేశారు. బిడ్డ దక్కలేదు. ఆ శిశువును తన చేతులమీదుగా తండ్రికి అందించినది రాహేలమ్మ గారే. అంతటి ధీరురాలు ఆ రోజు అన్నం ముట్టలేదు.

మర్నాడే ఉయ్యాలలు కావాలని పైకి రాయించారు. ఆ ఏడు వాటికి కేటాయింపు లేదని, వచ్చే ఏడు చూతామని జవాబు వచ్చింది. ఊరంతటికీ అన్నీ కావలసివచ్చిన కాలం కనుక అందులో వింత లేదు. మా వీధికి ఆవలివైపున ఒక కచ్చేరి ఉండేది. మద్రాసు నుంచి ఫైళ్ళు మోసుకొచ్చిన దేవదారు పెట్టెలు ఆ ఆవరణలో కుప్పపడి ఉండేవి. కాపలావాళ్ళు వాటిని పగలగొట్టి నీళ్ళు కాచుకునేవారు. ఆమె నేరుగా అక్కడి పెద్ద ఉద్యోగి దగ్గరికి వెళ్ళి, పొయ్యిలో పెట్టే చెక్కను తనకు ఇప్పించమని అడిగారు. పొయ్యి కర్రలకు అనుమతి ఏమిటని ఆయన నవ్వి, తీసుకుపొమ్మన్నారు. ఊరి వడ్రంగి ఒకడు, తన భార్యకు ఆమె పురుడు పోసిన విశ్వాసం కొద్దీ, ఆ పెట్టెలకు ఎత్తైన కాళ్ళు బిగించి, గాలి ఆడడానికి పక్కన బెజ్జాలు తొలిచాడు. కాళ్ళ కింద నీళ్ళు పోసిన సిగరెట్టు డబ్బాలు. చీమ గానీ తేలు గానీ పైకి ఎక్కే దారి లేకుండా పోయింది. చిరిగిపోయి పారవేసిన డేరాగుడ్డను నానబెట్టి, ఉతికి, కాచి, పరుపులు కుట్టించారు. ఆదోని పత్తిమిల్లులలో ఊడ్చి పారేసే దూదిని వాటిలో నింపారు.

ఆ పెట్టెల మీద శాఖల పేర్లు నల్లని రంగుతో అచ్చువేసి ఉండేవి. చెరపడానికి ఆమె ఒప్పుకోలేదు. రంగు గోకితే చెక్క పాడవుతుందనేవారు. అందువల్ల మా వార్డులో బిడ్డలకు నామకరణం కాకముందే ఉద్యోగాలు వచ్చేవి. "రెవెన్యూ బిడ్డకు పాలు సాలలేదు", "ఇద్యాశాఖ శానా ఏడుస్తాండాది" అని హుసేన్‌బీ కేకవేస్తే తల్లులు నవ్వేవారు. తన మనుమడు ఖజానా పెట్టెలో పడుకున్నాడని ఒక రెడ్డిగారి తల్లి ఊరంతా చెప్పుకున్నారు.

మందుల గదిలోకి ఆమె దృష్టి ప్రసరించడం నాకు మొదట రుచించలేదు. ఆ రోజుల్లో మందునీళ్ళకు రోగులే సీసా తెచ్చుకోవాలి. పల్లెల నుంచి కాలినడకన వచ్చిన వారు సీసా లేక వట్టి చేతులతో తిరిగిపోయేవారు. రాహేలమ్మ గారు కచ్చేరీలలో పారవేసే సిరాబుడ్లను గంపలతో తెప్పించి, చాకలిసోడాతో మరగబెట్టించి, నా బల్లమీద వరుసగా పెట్టించారు. "ఇంకెవర్నీ తిప్పి పంపొద్దప్పా" అన్నారు. మొదటి దఫాలో ఒకటి రెండింటికి నీలం పూర్తిగా పోలేదు. లేత నీలిరంగు మందు తాగిన ఒక అవ్వ, మరుసటి వారం వచ్చి, తనకు ఆ నీలిమందే కావాలని, తెల్లది పనిచేయదని పట్టుపట్టింది. ఆమెను ఒప్పించలేక నేను అవస్థపడుతుంటే, రాహేలమ్మ గారు గోడకానుకుని కన్నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. అంతగా నవ్వగా నేను చూసినది ఆ ఒక్కసారే.

కచ్చేరీ కాగితాల సంగతి కూడా చెప్పాలి. ఒకవైపు మాత్రమే రాసి, పనికిరావని బుట్టలో వేసిన కాగితాలను ఆమె తెప్పించేవారు. వాటితో నేను చూర్ణాలకు పొట్లాలు కట్టేవాణ్ణి. ఒకనాడు ఒక రైతు అజీర్ణానికి ఇచ్చిన పొట్లం విప్పి చూసి, దానిని పట్టుకుని వెనక్కి వచ్చాడు. తమ ఊరికి మంచినీళ్ళ బావి తవ్వించమని తాను రాయించి ఇచ్చిన అర్జీ అది. అతడు కోపపడలేదు. "ఇది ఈడికెట్ల వచ్చె?" అని మాత్రం అడిగాడు. రాహేలమ్మ గారి ముఖం వివర్ణమైంది. ఆ రైతును వెంటబెట్టుకుని, చూర్ణం అంటిన ఆ కాగితాన్ని అరచేతిలో చదును చేస్తూ, అది వచ్చిన కచ్చేరీకి నడిచి వెళ్ళారు. "ఇది చెత్త కాదు సార్. ఎవరో పొరపాటున బుట్టలో వేసినారు" అని బల్లమీద పెట్టి, దానికి నంబరు పడేదాకా అక్కడే నిలబడ్డారట. ఆ తరువాత మా దగ్గరికి వచ్చిన ప్రతి కాగితాన్నీ చదివిన మీదటనే చింపాలని కట్టడి చేశారు. పనికిరానిదని పక్కన పెట్టేముందు ఒక తూరి తిప్పి చూడమని ఆమె చెప్పే మాట నాకు కంఠస్థం. ఆ ఊరిలో బావి ఇప్పటికీ పడలేదని విన్నాను. అది ఆమె చేతిలోని పని కాదు.

ఆమెలో లోపాలు లేవని రాస్తే ఆమే మెచ్చరు. సబ్బు కరిగిపోయిందని చాకలితో, దారం వృథా అయిందని నాతో ఆమె పెట్టుకున్న తగాదాలకు లెక్క లేదు. కొత్తగా వచ్చిన నర్సులు ఆమెను లోభి అని చాటున అనుకునేవారు. ఒక వేసవిలో ఆమె దాచిన చెక్కముక్కల నుంచి చెద పుట్టి, ఉతికి మడిచిన గుడ్డలన్నిటినీ తినేసింది. ఆ తప్పు తనదేనని డాక్టరమ్మ గారి ఎదుట ఒప్పుకుని, నెలల తరబడి సాయంత్రాలు కూర్చుని పాత చీరలతో కొత్తవి కుట్టి ఇచ్చారు. ఆ తరువాత చెక్కను ఎండబెట్టి, తారు పూసిన మీదట గాని లోపలికి రానివ్వలేదు. పొదుపు మానలేదు.

కొన్నేళ్ళకు రాజధాని హైదరాబాదుకు తరలే సమయం వచ్చింది. ఊరంతా మూటలు కట్టే సందడి. ఫైళ్ళు పెరిగాయి, పెట్టెలు చాలలేదు. ఒక మధ్యాహ్నం ఒక కచ్చేరీ ఉద్యోగి, ఉత్తర్వు చేతబట్టుకుని, కూలీలనూ బండినీ వెంటబెట్టుకుని మా ఆసుపత్రికి వచ్చారు. మర్యాదస్థులే. "ఇవి ప్రభుత్వపు సొత్తమ్మా. అన్నీ వాపసు తెమ్మని ఉత్తర్వు. నా చేతిలో ఏమీ లేదు" అన్నారు.

రాహేలమ్మ గారు వాదించలేదు. ముందుగా గుడ్డల గది తెరిచి, అక్కడి పెట్టెలలో ఉన్నవన్నీ దించి నేలమీద పెట్టి, "ఇవి మీవే, ఎత్తుకపోండి" అన్నారు. కూలీలు మోసుకుపోయారు. ఆయన మిగిలినవి ఎక్కడని అడిగారు. ఆమె ఆయనను వార్డు గుమ్మం దాకా తీసుకువెళ్ళారు. తల్లులు నిద్రలో ఉన్నారు. వరుసగా ఉన్న పెట్టెలలో బిడ్డలు పడుకుని ఉన్నారు. నేను వెనుకనే ఉన్నాను. ఆమె గొంతు ఎత్తలేదు.

"సార్, ఈ వార్డులో ఒక బిడ్డను నేలమీద పండబెట్టి పోగొట్టుకున్నా. ఇంకొకర్ని పోగొట్టుకునే శక్తి నాకు లేదు. ఫైళ్ళు గోనెసంచిలో పోయినా హైదరాబాదు చేరతాయి. ఈ పెట్టెలు కావాలంటే ఆ బిడ్డల్ని మీ చేతుల్తో ఎత్తి కింద పండబెట్టండి. ఆ పని నేను చెయ్యను."

"ఎలా పోయిందమ్మా ఆ బిడ్డ?" అని ఆయన అడిగారు.

"తేలు కుట్టి."

ఆయన తలవంచి ఆ నేలవైపు చూశారు. తమ శాఖ పేరున్న పెట్టె దగ్గరికి నడిచి, అందులో నిద్రపోతున్న ఆడబిడ్డ పాదాన్ని వేలితో తాకారు. తిరిగి వచ్చి నా బల్ల దగ్గర కూర్చుని, సిరా అడిగి, ఇంగ్లీషులో ఏదో రాసి, మాకు తెలుగులో చెప్పారు. పెట్టెలకు బెజ్జాలు పడి, కాళ్ళు బిగించి ఉన్నందున ఇక ఏ ఉపయోగానికీ పనికిరావని రాశారట. "ఎవరైనా అడిగితే జవాబు నేను చెప్పుకుంటాను" అన్నారు. రాహేలమ్మ గారు ఆయనకు చేతులెత్తి నమస్కరించి, మజ్జిగ తెప్పించారు. ఆ రాతవల్ల ఆయనకు పైనుంచి మాట వచ్చిందో లేదో మాకు తెలియలేదు. ఆయన పోయిన తరువాత ఆమె మందుల గదికి వచ్చి బల్లమీద తల వాల్చుకుని ఏడ్చారు. ఆ కోసిగి తల్లి పేరు ఉచ్చరించారు. అన్నేళ్ళ తరువాత ఆ పేరు నాకు జ్ఞప్తి లేదు. ఆమె మరువలేదు.

ఆదివారం సాయంత్రం హంద్రీ ఒడ్డున సమాధుల తోటలో ఆమెను భూమాత ఒడికి అప్పగించాము. కడప నుంచి తమ్ముడు వేళకు వచ్చి అందుకున్నాడు. వీధులూడ్చే వారు, పాతబస్తీ ముస్లిం స్త్రీలు, పల్లెల నుంచి బండ్లు కట్టుకుని వచ్చిన మోతుబరుల కుటుంబాలు, అందరూ ఒకరినొకరు ఒరుసుకుంటూ నిలబడ్డారు. పాదిరిగారు ప్రార్థన ముగించినా ఎవరూ కదలలేదు. జనసమూహంలో ఇంతమంది పిల్లలున్న అంత్యక్రియలను నేను ఇంతకుముందు చూడలేదు.

ఆమె స్థానంలోకి రేపో మాపో ఇంకొకరు వస్తారు. ఉద్యోగం భర్తీ అవుతుంది. ఆ కన్ను, ఆ చేయి, పేదవాని బిడ్డకు ఏ లోటూ రాకూడదన్న ఆ మొండితనం ఏ ఉత్తర్వుతో భర్తీ అవుతాయి? మాకు పోయినది తిరిగి వచ్చేది కాదు.

నిన్న నందికొట్కూరు వైపు నుంచి నిండు చూలాలు ఎద్దులబండిలో వచ్చింది. దిగుతూనే, "నర్సమ్మ యాడ?" అని అడిగింది. చాటున రాహేలమ్మ గారిని లోభి అన్న వారిలో ఒకతె అయిన చిన్న నర్సు ముందుకు వచ్చి, "నేనుండా, రామ్మా" అని ఆ తల్లి చేయి పట్టుకుని లోపలికి నడిపించింది. రాహేలమ్మ గారి పుణ్యస్మృతికి శిరసు వంచి ఈ నాలుగు మాటలను ఇంతటితో ఆపుతున్నాను. లోపల బిడ్డ ఏడుస్తున్నది. వేడినీళ్ళు అడుగుతున్నారు.