నాలుగో కాలు

ఆమెకి బంకమ్మ అని పేరు పెట్టినవాడు ప్రెస్సులో ఎవడో గానీ, వాడి నోరు మాత్రం మంచిది కాదు. అయినా ఆ పేరే నిలిచిపోయింది. పుస్తకాల బైండింగు విభాగంలో ఆమె పెళ్ళికి ముందు నుంచీ పనిచేస్తోంది. వేళ్ళకి ఎండిన బంక పొరలు పొరలుగా ఊడుతూనే ఉంటుంది. భోజనానికి కూర్చునే ముందు దాన్ని గీక్కోవడంతోనే సగం ఆకలి చచ్చిపోతుందని భర్త ఎగతాళి చేస్తాడు. పుస్తకాన్ని నిలబెట్టేది కుట్టేనని తోటివాళ్ళు ఎంత చెప్పినా ఒప్పుకునేది కాదు. "బంక సరిగ్గా పడితే కుట్టెందుకూ?" అనేది. ఆ మొండితనమే తర్వాత ఆమె కొంప ముంచింది.

చెక్కపని ఆమెకి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పుస్తకాలను అదిమిపెట్టే పలకలు ప్రెస్సులో మాటిమాటికీ వంకరపోతుంటే విసుగెత్తి, ఇంట్లో తనే రెండు చేసుకుంది. అవి బ్రహ్మాండంగా కుదిరాయి. ఇక ఆగుతుందా! మెట్ల కింద గదిలో విరిగిన సామాను ఉండేది. ఒకరోజు అత్తగారు కొంగు బిగించి ఆ సామానంతా తనే ఈడ్చి బయట పడేసి, "ఇక్కడ చేసుకో. నా వంటింట్లో మాత్రం పొట్టు రాల్చావంటే ఊరుకోను" అంది. ఆ గదిలోకి రంపం వచ్చింది, ఉలులు వచ్చాయి, చిత్రిక వచ్చింది, డ్రిల్లు వచ్చింది. కోడలు ఏది చేసినా మొదట వాడేది అత్తగారే. పక్కింటివాళ్ళని చెయ్యిపట్టి లాక్కొచ్చి మరీ చూపించేది. "మా కోడలు చేసింది. మేకు ఒక్కటి కనపడితే నన్నడగండి" అనేది. బంకమ్మకి సొంత తల్లి కూడా ఏనాడూ అంత మాట అనలేదు.

అలాంటి అత్తగారికి ఒక స్టూలు చేసింది. మూడు కాళ్ళు కన్నాల్లో బిగుతుగా కూర్చున్నాయి. నాలుగో కాలు కొసని ఒక్క పిసరు ఎక్కువ చెక్కేసింది. వదులైంది. మరో కాలు చెక్కడానికి బద్ధకం. బైండింగులో పుస్తకం వీపు వదులుగా ఉంటే ఏం చేస్తారు? బంకలో ముంచిన గుడ్డ అతికిస్తారు. అదే చేసింది. నీలం రంగు బైండింగు గుడ్డని కాలు కొసకి చుట్టి, బంక దట్టంగా పట్టించి కన్నంలోకి దూర్చింది. ఆరాక ఊపి చూస్తే రాయిలా ఉంది. చెక్కల మధ్య సందుని బంక నింపుతుందే గానీ మొయ్యదని ఆమెకి అప్పుడు తెలియదు. తెలియదు అనడం కూడా పూర్తిగా నిజం కాదు. అనుమానం ఉంది. ఉండీ అత్తగారిని కూర్చోమంది.

ఎండలు ముదిరి చెక్క ఆరిపోయాక ఒక ఉదయం, వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న అత్తగారు స్టూలుతో సహా పక్కకి పడిపోయింది. పడుతూ నేలకి ఆనించిన చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. బంకమ్మ పరుగెత్తుకొచ్చేసరికి ఆవిడ నేలమీద ఉంది. ఊడిన కాలు ఆవిడ మొహానికి ఎదురుగా పడి ఉంది. దాని కొసన నీలం గుడ్డ వేలాడుతోంది. అత్తగారు ఆ గుడ్డని చూసింది, తర్వాత కోడల్ని చూసింది. ఇంతలో కొడుకు వచ్చి "ఏమైందమ్మా?" అని గాభరాపడితే, "నేల తడిగా ఉందిరా, కాలు జారింది" అంది.   బంకమ్మ ఊడిన కాలుని కొంగు చాటున పెట్టుకుని మెట్ల కింద గదిలో పడేసింది.

చెయ్యి అతుక్కుంది గానీ మునుపటి బలం రాలేదు. అత్తగారు మాటల్లో ఏ తేడా చూపించలేదు. కోడలికి జ్వరం వస్తే రాత్రంతా తడిగుడ్డ వేసింది, కూరలో ఉప్పెక్కువైతే ఎప్పటిలాగే దులిపేసింది. కాకపోతే కోడలు చేసిన వస్తువు మీద కూర్చోవడం మానేసింది. భోజనాల బల్ల దగ్గర బెంచీ ఉన్నా గోడకి ఆనుకుని నిలబడి తినేది. కూర్చోవాలంటే బజారులో కొన్న ప్లాస్టిక్ కుర్చీని వెతుక్కునేది. అడిగితే "నడుం పట్టేసిందే, నిలబడితేనే హాయి" అనేది. నాలుగు చీవాట్లు పెట్టినా బంకమ్మ హాయిగా ఏడ్చి ఊరుకునేది. చెప్పేద్దామని ఎన్నిసార్లు దగ్గరికి వెళ్ళిందో! మాట నాలుక మీదికి వచ్చేది, "ఏమిటే?" అని ఆవిడ తలెత్తగానే "ఏం లేదత్తయ్యా, గ్యాసు అయిపోయింది" అని వచ్చేసేది. ఉన్న గ్యాసు మీద అన్ని అబద్ధాలు ఇంకెవరూ ఆడి ఉండరు.

ఏమీ తెలియని భర్త ఒకరోజు భోజనాల దగ్గర ఎత్తుకున్నాడు. "అమ్మ ఆ ప్లాస్టిక్ కుర్చీలోంచి లేవలేక నానా తంటాలు పడుతోంది. చెయ్యి ఆనించలేదు కదా. కాస్త ఎత్తుగా ఒక బెంచీ చేసిపెట్టవోయ్! ఇంట్లో ఇంత పెద్ద కార్ఖానా పెట్టుకుని అమ్మకి బెంచీ లేదంటే నవ్విపోతారు."

బంకమ్మ కంచంలోని అన్నం అటూ ఇటూ కెలికింది. చివరికి అత్తగారే, "చెయ్యనీ. తీరిక దొరికితే చేస్తుంది" అంది, గోడకి ఆనుకునే.

ఈసారి కాలు ఊడకూడదు. బంకమ్మకి అదొక్కటే పట్టుకుంది. స్టూలు పలకకి కన్నాలు అడుగునుంచి పైదాకా ఉండేవి, కాళ్ళ కొసలు పైకి కనిపించేవి. ఈ బెంచీ మీద ఒక్క కన్నం కూడా కనిపించకూడదనుకుంది. కనిపిస్తే అత్తగారికి ఆ స్టూలే గుర్తొస్తుందని భయం. అందుకని పాత వడ్రంగులు చేసే దొంగచీల పద్ధతి పట్టుకుంది. అందులో కన్నం పలక పైదాకా పోదు, కన్నం లోపలి చివర కాస్త వెడల్పుగా తొలుస్తారు. కాలు కొసని రంపంతో చీల్చి, ఆ చీలికలో సన్నటి చెక్క చీల మొన మాత్రం గుచ్చి వదిలేస్తారు. కాలుని కన్నంలో పెట్టి కొడితే, చీల కన్నం అడుగుకి తగిలి చీలికలోకి దిగుతుంది. లోపల కాలు కొస విచ్చుకుంటుంది. ఇక ఏనుగు లాగినా రాదు. వచ్చిన చిక్కేమిటంటే, ముందుగా బిగించి చూసుకోవడానికి వీల్లేదు. కుదిరినా ఒకటే దెబ్బ, చెడినా ఒకటే దెబ్బ.

నమూనాకి ముక్కలు చేసి, బిగించి, వాటిని నిలువునా కోసి లోపల ఎలా విచ్చుకుందో చూసుకుంది. చెడిపోయినవి పొయ్యిలో పెట్టడానికి చాలినన్ని పోగయ్యాయి. కాళ్ళు నాలుగూ ఒకే వాలుగా రావాలని ఒక దిమ్మకి ఏటవాలు కన్నం చేసి పెట్టుకుంది. డ్రిల్లుని ఆ కన్నంలోంచి దింపితే చెయ్యి వణికినా వాలు తప్పదు. చీల కన్నం అడుగుని తాకాక ఎంత లోతు దిగాలో లెక్కకట్టి, దెబ్బకి విరగకుండా నార నిటారుగా ఉన్న గట్టి ముక్కలోంచి నాలుగు చీలలు తీసింది. ప్రెస్సులో అట్టలు కోస్తున్నప్పుడు కూడా ఆమె పెదాలు ఈ కొలతలే గొణిగేవి.

ఆదివారం మధ్యాహ్నం పలకని తిరగేసి, మోకాలెత్తు కోతబల్ల మీద పెట్టింది. ఆ కోతబల్ల కూడా ఆమె చేసుకున్నదే. మొదటి కాలు కన్నంలో పెట్టి చెక్కసుత్తితో కొట్టింది. టక్కు, టక్కు, టక్కు, చివరికి బరువైన ధడ్. లోపల విచ్చుకున్నట్టు చేతికే తెలిసింది. రెండోది కూడా అంతే. మూడోదీ అంతే. పట్టుకుని ఊపితే కాలుతో పాటు పలకా, పలకతో పాటు కోతబల్లా కదిలాయి. బంకమ్మ మొహం విప్పారింది.

అప్పుడే వసారాలోంచి భర్త కేక వేశాడు. "అయిందా? అమ్మ కూర్చుంటే ఫోటో తీస్తాను!"

"వస్తున్నా, వస్తున్నా!" అంటూ నాలుగో చీలని కంగారుగా తీసింది. అది చేతిలోంచి జారి పొట్టులో పడింది. వెతికితే దొరకలేదు. పక్కనే ఉన్న చెత్తముక్కలోంచి గబగబా ఇంకో చీల చెక్కేసింది. నార ఎటు పోతోందో కూడా చూడలేదు. అంత జాగ్రత్తపడిన మనిషి, ఆ ఒక్క చీలని చూడలేదు! కాలు పెట్టి కొట్టింది. టక్కు, టక్కు, తర్వాత లోపల పటుక్కుమంది. ఇంకోటి కొట్టింది. కాలు దిగలేదు. ఇంకా గట్టిగా కొట్టింది. సుత్తి ఎగిరి వెనక్కి వచ్చింది.

చీల విరిగింది. సగం చీలికలో ఇరుక్కుంది, సగం అడుగున అడ్డంగా పడింది. సన్నటి కొస మొదలయ్యే చోట, కాలి భుజానికీ పలకకీ మధ్య అగ్గిపుల్ల మందం సందు. లాగితే రాదు, కొడితే దిగదు. రెండు చేతులా పట్టుకుని ఊపితే అరచేతిలో చిన్న కదలిక తెలిసింది. కంటికి కనిపించేది కాదు, చేతికి మాత్రమే తెలిసేది. 

బంక డబ్బా పక్కనే ఉంది. చెయ్యి దానంతటదే పోయింది. కాస్త రంపపు పొట్టులో బంక కలిపి, ముద్దచేసి, వేలితో సందులోకి అదిమింది. సందు మూసుకుపోయింది. అది ఆరాక గరుకు కాగితం రుద్దితే బ్రహ్మకి కూడా తెలియదు. ఒక ఏడాది ఆగుతుందేమో. అసలు ఊడకపోవచ్చేమో కూడా. ఎవరికి తెలుసు? ఆమె వేలు ఆ సందు చుట్టూ తిరుగుతూనే ఉంది.

"అయిందటగా" అన్న గొంతు వినిపించి ఉలిక్కిపడింది. అత్తగారు గుమ్మంలో ఉంది. వెనకాల ఫోన్ పట్టుకుని కొడుకు. "తిప్పవే, కూర్చుంటాను. వాడు ఫోటో అని ప్రాణం తీస్తున్నాడు."

మాట మామూలుగానే ఉంది. మొహంలో మాత్రం నెత్తుటి చుక్క లేదు. బాగున్న చేత్తో పాడైన మణికట్టుని గట్టిగా పట్టుకుని ఉంది. కొడుకు ముందు కోడలి పరువు పోకూడదని, పడిపోతానని అనుకుంటూనే కూర్చోవడానికి వచ్చింది. అది చూసి బంకమ్మ పలక మీద చెయ్యి అడ్డంపెట్టింది.

"వద్దత్తయ్యా" అంది.

"ఏం? బంక ఆరలేదా?" అన్నాడు భర్త.

"బంక కాదండీ. నాలుగో కాలు చెడింది. లోపల చీల విరిగిపోయింది. సందు కనపడకుండా ఇప్పుడే పొట్టు కూరాను." బంకమ్మ బంక అంటిన వేలు చూపించింది. "ఆ స్టూలూ అంతే. అత్తయ్య తడికి జారలేదు. కాలు వదులుగా ఉందని నాకు తెలుసు. గుడ్డ చుట్టి దూర్చి కూర్చోమన్నాను. ఆవిడ చెయ్యి విరగ్గొట్టింది నేనండీ."

భర్త నోరు తెరుచుకుని తల్లి వైపు తిరిగాడు. "జారానన్నావు కదమ్మా?"

"అన్నాను. ఇప్పుడు అది చెప్పింది కదా, నువ్వు కాసేపు నోరు మూసుకో." అత్తగారు గదిలోకి వచ్చి, కూరిన సందుని వేలితో తడిమింది. పచ్చి బంక వేలికి అంటుకుంది. "నాకు చెక్కంటే భయమనుకున్నావా? చెక్కన్నాక విరుగుతుంది. తెలిసీ కూర్చోమన్నావు చూడు, అది మింగుడు పడలేదే నాకు. ఇవాళ చెప్తుందేమో, రేపు చెప్తుందేమో అని చూశాను. వచ్చి గ్యాసు అయిపోయిందంటావు!"

బంకమ్మ భోరుమంది. ఆ ఏడుపు వసారా దాకా వినిపించి ఉంటుంది. అత్తగారు ఓదార్చలేదు, కసరనూ లేదు. ఆ ఏడుపు అయ్యేదాకా నిలబడి, "ఇప్పుడు దీన్నేం చేస్తావు?" అని అడిగింది.

"మొదట్లోకి కోసెయ్యాలి. కన్నం పైదాకా తొలిచి, కొత్త కాలు దింపి, పైనుంచి చీల కొట్టాలి. పైకి మచ్చ కనిపిస్తుంది."

"కనిపించనీ. నా కళ్ళకి తెలిస్తే మంచిదే."

బంకమ్మ రంపం తీసి చెడ్డ కాలు మొదట్లో ఆనించింది. రెండు లాగులు లాగేసరికి పలక కోతబల్ల మీద జారిపోయింది. బిగించే క్లాంపు కోసం అటూ ఇటూ చూస్తుంటే, అత్తగారు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, తిరగేసిన బెంచీ నడుమ, పైకి లేచిన నాలుగు కాళ్ళ మధ్య దబ్బున కూర్చుంది. కింద కోతబల్ల కిర్రుమంది. కొడుకు "అమ్మా, పడతావే!" అని ముందుకి దూకాడు.

"నువ్వు అవతలికి జరుగు. చెయ్యి పనికిరాకపోయినా బరువు పనికొస్తుంది కదా." గట్టిగా ఉన్న కాలుని ఒకదాన్ని పట్టుకుని సర్దుకుంది. కోతబల్లని గానీ, తన కింద ఉన్న పలకని గానీ ఒక్కసారి కూడా వంగి చూసుకోలేదు.

బంకమ్మ రంపం ఆడించబోయింది. గీత కనిపించలేదు, అంతా మసకగా ఉంది.

"ముందు కళ్ళు తుడుచుకో" అంది అత్తగారు. "నేనేం లేవట్లేదు, నెమ్మదిగా కొయ్యి."