నిండుకుంది

ఏళ్లు గడిచినా ఈ భయం నన్ను వదల్లేదు. వెనక నుంచి ఎవరైనా "సిస్టర్ గారూ" అని పిలిస్తే చాలు, తెలిసిపోయిందేమో అనిపిస్తుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

రెండువేల దశకం చివర, తెనాలిలో ఒక చిన్న ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సుని. అప్పుడే డాక్టరుగారు ఒక చెక్‌లిస్టు గోడకు అంటించారు. మత్తు ఇచ్చే ముందు నేను ఒక్కొక్కటీ పైకి చదవాలి, కళ్లతో చూసి జవాబు చెప్పాలి. మొదట్లో శ్రద్ధగానే చేశాను. తర్వాత్తర్వాత నోరు చదివేది, కళ్లు ఇంకెక్కడో ఉండేవి.

ఆ రోజు బల్ల మీద దుగ్గిరాల పసుపు యార్డులో బస్తాలు మోసే మనిషి. హెర్నియా. "స్పేర్ ఆక్సిజన్ సిలిండర్" అని చదివి, దాని పక్కనే నిలబడ్డ ఆయా మస్తానమ్మను అడిగాను.

"నిండుకుంది సిస్టరమ్మా," అంది.

"ఫుల్ సార్," అన్నాను.

బియ్యం డబ్బా ఖాళీ అయితే మన ఇళ్లలో ఏమంటాం? నిండుకుందనే కదా. మస్తానమ్మది కొల్లూరు. మనిషిని కోసే గదిలో 'అయిపోయింది' అనే మాట ఆమె నోట రాదు. అది నాకు తెలుసు. తెలిసీ, 'నిండు' వరకే చెవికెక్కింది. నాలుగడుగులు వేసి, సిలిండరు తిప్పి మీటరు ముల్లు చూస్తే సరిపోయేది. ఎందుకు చూడలేదు? బద్ధకం. దానికి ఇంకో పేరు పెట్టలేను.

మధ్యలో పెద్ద సిలిండరు అయిపోయింది. స్పేర్ తిప్పితే ముల్లు కదల్లేదు. ఆయన పెదవులు నేరేడు రంగుకు తిరిగాయి. కాన్పుల గది నుంచి ఇంకొకటి తెచ్చేదాకా డాక్టరుగారు చేత్తో గాలి బ్యాగు నొక్కుతూనే ఉన్నారు. మనిషి బతికాడు.

సాయంత్రం మా ఇద్దర్నీ పిలిచారు.

"నిండుకుందనే చెప్పానండి," అంది మస్తానమ్మ.

డాక్టరుగారు నా వైపు తిరిగారు.

"లేదు సార్. నిండుగా ఉందంది," అన్నాను.

చూసుకోవద్దా అని నన్ను కసిరారు. పని పోయింది మాత్రం ఆమెది. ఆమె నన్ను తిట్టలేదు. రేపల్లెలో కూతురి దగ్గరికి వెళ్లిపోయిందని తర్వాత విన్నాను.

వెళ్లి చెప్పొచ్చు కదా అంటారా? రేపల్లె బండి ఎక్కాలంటేనే నాకు భయం. ఆమె తిడుతుందని కాదు. "పోనీలే సిస్టరమ్మా" అంటుందేమోనని.

ఇప్పుడు బాపట్లలో ఉంటున్నాం. ఇంట్లో బియ్యం అయిపోతే అయిపోయాయనే అంటాను. అలా అనకూడదని అత్తగారు చీవాట్లు పెడతారు. ఏం చేయను, 'నిండుకున్నాయి' అనే మాట నా నోట రాదు.

ఇవాళ రాస్తున్నాను. మస్తానమ్మ నిండుకుందనే చెప్పింది.