ఆ రాత్రి మా ఆయనకు ఊపిరి అందించింది ఎవరు?

ఒట్టు వేయమంటే వేయను. మా ఇంట్లో ఒట్లు లేవు. అవునంటే అవును, కాదంటే కాదు... అంతకు మించి ఒక్క మాట కూడా అక్కర్లేదని నాకు చిన్నప్పుడే నేర్పారు. సండే స్కూల్లో పిల్లలకు ఇప్పుడు నేనూ అదే నేర్పుతున్నాను. కాబట్టి ఒట్టు లేకుండానే చెబుతున్నా. ఇది జరిగింది. నాకే జరిగింది. నేను మేలుకునే ఉన్నాను.

నవ్వొస్తే నవ్వండి. నేనూ నవ్వుతూనే చెబుతాను. మధ్యలో ఒక్కచోట మాత్రం నవ్వలేను... ఆ చోటు వచ్చినప్పుడు మీకే తెలుస్తుంది.

ముందు మా ఆయన సంగతి. పేరు ఏసోబు. వడ్రంగి. నేలకొండపల్లిలో మా ఇంటి ముందే రేకుల షెడ్డు, అందులోనే పని. మందిరంలో పాట అందించాలంటే మా సంఘంలో ఆయనే. మా దగ్గర పెద్దవాళ్లలో చాలామందికి చదువు రాదు. పాటల పుస్తకం చేతికిచ్చినా లాభం లేదు. అందుకని ఒకరు ముందుగా ఒక పాదం పాడి ఆగుతారు. మిగతా అందరూ దాన్ని అందుకుంటారు. మళ్లీ ఒక పాదం... మళ్లీ అందుకోవడం. అదే పాట అందించడమంటే.

అలాంటి మనిషికి కొన్నేళ్లుగా ఒళ్లంతా నొప్పులు. మెడ, భుజాలు, నడుము. పొద్దున లేస్తే రాత్రంతా మూటలు మోసి వచ్చినట్టు లేచేవారు. వడ్రంగికి నొప్పులు రాక ఇంకెవరికొస్తాయి అనుకున్నాం. నూనె కాచి రుద్దాను. మాత్రలు మింగారు. చిత్రిక పట్టడానికి చెయ్యి లేచేది కాదు. అలసట ఎంతదాకా వచ్చిందంటే... పాట అందిస్తూ, పాదానికీ పాదానికీ మధ్య కునుకు తీసేవారు! సంఘమంతా నోళ్లు తెరుచుకుని నిలబడేది.

"ఏసోబు మామా, రెండో పాదం పరలోకంల అందిస్తవా ఏంది?" అని కుర్రాళ్లు ఎగతాళి చేసేవారు.

ఇక రాత్రులు. గురక... గురక... ఉన్నట్టుండి ఏమీ లేదు. ఎంతసేపటికీ లేదు. తర్వాత నీళ్లలోంచి పైకి తేలినవాడిలా ఒక్కసారి గాలి మింగేవారు. దురాత్మ గొంతు పిసుకుతోందని నా భయం. లేచి, నుదుటికి నూనె రాసి, గట్టిగా గద్దించేదాన్ని. ఆయన ఉలిక్కిపడి లేచి కూర్చుని, "నేనేం చేసిన్నే, నడిరాత్రి నన్ను తిడుతున్నవ్?" అనేవారు.

చివరికి నొప్పుల కోసమే ఖమ్మం వెళ్లాం. ఎముకల డాక్టరు ఆయన భుజం చూసి, నడుము చూసి, ఆఖరికి నా వైపు తిరిగారు.

"అమ్మా, ఈయన గురక పెడతాడా?"

"గురకనా సార్... ఇంటి మీద రేకులు లేస్తయ్."

అక్కడినుంచి ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి పంపారు. ఒక రాత్రి ఒంటినిండా వైర్లు అంటించి పడుకోబెట్టారు. స్లీప్ ఆప్నియా అన్నారు. నిద్రలో గొంతు దారి మూసుకుపోతోంది, ఊపిరి ఆగుతోంది, ఆగిన ప్రతిసారీ మెదడు ఉలిక్కిపడి లేపుతోంది. ఆయనకు గుర్తుండదు, కానీ నిద్రంతా ముక్కలు ముక్కలు. "ఒళ్లు తన మరమ్మతు తాను చేసుకునేది మంచి నిద్రలోనే" అన్నారు డాక్టరు. "ఆ నిద్ర లేకపోతే చిన్న నొప్పి కూడా పెద్దగా తెలుస్తుంది. నొప్పి పెరిగితే నిద్ర ఇంకా చెడుతుంది. ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి."

ఒక మిషను ఇచ్చారు. ముక్కుకు మాస్కు, మాస్కుకు గొట్టం, రాత్రంతా గాలి. నొప్పులన్నీ మాయమయ్యాయని చెప్పను. మోకాలు ఇప్పటికీ పట్టేస్తుంది. కానీ నెమ్మది నెమ్మదిగా మనిషి తిరిగొచ్చారు. చిత్రిక పట్టారు. పాట అందించారు... రెండో పాదంతో సహా.

ఇక ఆ రాత్రి.

చండ్రుగొండ దాటి, అడవి అంచున ఒక గూడెం. అక్కడ కొత్త మందిరం కట్టుకున్నారు. తలుపులు చేసింది మా ఆయనే. మర్నాడు ప్రతిష్ఠ. ట్రాలీ ఆటోలో తలుపులు పడుకోబెట్టి తాళ్లతో కట్టాం. మిషను మాత్రం నా ఒళ్లో... పసిపిల్లలా. ఇప్పపూలు రాలే రోజులు. దారంతా ఆ తీపి వాసన.

సాయంత్రం మిషను బయటికి తీశానో లేదో, గూడెం పిల్లలంతా చుట్టూ చేరారు. మా ఆయన వాళ్ల కోసం మాస్కు పెట్టుకుని, గొట్టం ఊపి చూపించారు.

"అవ్వా! ఈ తాతకు తొండమున్నది!" అని ఒక పిల్ల పరుగెత్తింది.

ముత్తవ్వ అని అక్కడి పెద్దామె. మందిరానికి స్థలం ఇచ్చిందీ ఆమే. కర్ర పొడుచుకుంటూ వచ్చి ఎగాదిగా చూసింది. "ఏనుగు మంచిదే బిడ్డా. మా ఇప్పపూలు తినకుండ చూసుకో, చాలు" అంది. పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం.

భోజనాలయ్యాక, మాతో వచ్చిన మా పాస్టరు గారు ముత్తవ్వ ఇంటి అరుగు మీద పడుకున్నారు. మమ్మల్నీ అక్కడికే రమ్మన్నారు. మా ఆయన వినలేదు. "తలుపులు ఇడిచిపెట్టి ఎట్ల పోత? పొద్దుగాల్నే బిగియ్యాలె" అని మందిరంలోనే చాప వేయించుకున్నారు. కొత్త సున్నం వాసన. తలుపులు గోడకు ఆనించి ఉన్నాయి. గుమ్మం మాత్రం ఖాళీ. దాని అవతల చీకటి... దాని అవతల అడవి. మిషను పెట్టాను. గాలి సన్నగా మొదలైంది. ఇద్దరం పడుకున్నాం.

ఎప్పుడో మెలకువ వచ్చింది. ఎందుకొచ్చిందో వెంటనే తెలియలేదు. తర్వాత తెలిసింది... చప్పుడు లేదు. మిషను చప్పుడు లేదు.

గాలివాన. రేకుల మీద చినుకులు, ఎక్కడో కొమ్మ విరిగిన చప్పుడు. కరెంటు పోయింది. మా ఆయన అప్పటికే మాస్కు ఊడబీకి పక్కన పెట్టారు.

"ఒక్క రాత్రే గదనే. పడుకో" అని పక్కకు తిరిగి... పడుకున్నారు.

నేనెలా పడుకుంటాను? లేచి కూర్చున్నాను. ఆయన ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాను. గురక... గురక... ఆగింది. కుదిపాను. గాలి మింగారు. మళ్లీ గురక. మళ్లీ ఆగింది. మళ్లీ కుదిపాను. వాన వెలిసింది. చూరు నుంచి నీళ్లు కారడం కూడా ఆగింది. నేను కుదుపుతూనే ఉన్నాను. చెయ్యి లాగుతోంది. కళ్లు మూతలు పడుతున్నాయి. ప్రభువా, నన్ను నిద్రపోనియ్యకు... నేను పడుకుంటే ఈయన్ని ఎవరు లేపుతారు? అదొక్కటే ప్రార్థన. అదే మళ్లీ మళ్లీ.

మళ్లీ ఆగింది. కుదపబోయాను.

అప్పుడు... వినపడింది.

ఊపిరి.

ఆయనది కాదు. ఆయన ఛాతీ నా చేతి కిందే ఉంది, కదల్లేదు. ఇది వేరే. తలగడకు అవతల నుంచి... మెత్తగా, లోతుగా... ఎవరో వంగి పీల్చినట్టు. పీల్చి... వదిలింది.

అది వదిలాక, నా చేతి కింద మా ఆయన ఛాతీ లేచింది.

మళ్లీ అది పీల్చింది... వదిలింది... ఆగింది. ఆయన అందుకున్నారు.

అవును. అందుకున్నారు. నాకు వేరే మాట దొరకడం లేదు. ఒక పాదం పాడి ఆగినట్టు... మిగతావాళ్ల కోసం ఆగినట్టు. గురక లేదు. గుటక లేదు. అది ముందు, ఆయన వెనక.

నా ఊపిరే నాకు వినపడుతోందేమో అనుకున్నాను. నోరు మూసుకుని, ముక్కు పట్టుకుని బిగబట్టాను. నాది ఆగింది. అది ఆగలేదు. పీల్చింది... వదిలింది... ఆగింది.

ఫోను తడిమాను. టార్చి వేశాను.

గోడ. గోడకు తలుపులు. చాప. పాములా చుట్టుకుని పడున్న గొట్టం. ఎవరూ లేరు. చప్పుడు కూడా లేదు.

మా ఆయన ఊపిరీ లేదు.

చూస్తున్నాను... ఛాతీ సగం దాకా లేచి, పట్టేసింది. మెడ నరాలు బిగుసుకున్నాయి. కుదిపాను. గట్టిగా కుదిపాను. గాలి మింగారు. టార్చి ఆర్పేశాను.

చీకటి... చాలాసేపు ఏమీ లేదు.

తర్వాత, అదే చోట... పీల్చింది. వదిలింది. ఆయన అందుకున్నారు.

భ్రమ అని ఇంకోసారి టార్చి వేశాను. ఇంకోసారీ అంతే. వెలుగు పడగానే అది లేదు, ఈయనకు ఊపిరీ లేదు.

అప్పుడర్థమైంది. చూస్తానంటే చూడొచ్చు... చూస్తే అది ఉండదు. ఈయన ఊపిరి కావాలంటే నేను చీకట్లో కూర్చోవాలి. అది ఏదైనా సరే... దాని పక్కన... చూడకుండా.

ఫోను పూర్తిగా ఆపేసి, నా వెనక్కి, అందనంత దూరం తోసేశాను.

ముందే చెప్పాను కదా, ఇక్కడ నేను నవ్వలేను. ఒక్క బైబిలు వాక్యం నోటికి రావడం లేదు. ఇన్నేళ్లు పిల్లలకు కంఠతా పట్టించినవి ఒక్కటీ గుర్తు రాలేదు. "స్తోత్రం... స్తోత్రం..." అంతే వచ్చింది. అలాగే కూర్చున్నాను. అది అందిస్తోంది. ఆయన అందుకుంటున్నారు. ఎంతసేపు గడిచిందో... చూస్తే నా పెదవుల మీద నవ్వు ఉంది! వణుకు ఉంది, నవ్వూ ఉంది. ఆయన నిద్ర ఎంత హాయిగా ఉందంటే, నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. పెళ్లయిన కొత్తల్లో అలా పడుకునేవారు.

అడవికోడి కూసింది. గుమ్మం కొంచెం బూడిద రంగుకు తిరిగింది. చివరిసారి ఆ ఊపిరి తలగడ దగ్గర నుంచి రాలేదు. గుమ్మం వైపు నుంచి వచ్చింది... తలుపు లేని గుమ్మం. తర్వాత లేదు.

ఆయన లేచి ఒళ్లు విరుచుకున్నారు. "ఏమే, కరెంటు ఎప్పుడొచ్చింది?"

"రాలే."

"మరి నేనింత మంచిగ ఎట్ల పడుకున్న?"

టీ తాగుతూ జరిగిందంతా చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టారు. తర్వాత వెళ్లి తలుపు రెక్క ఎత్తారు. సాయం పడదామని వచ్చిన కుర్రాళ్లను పక్కకు జరగమని, భుజంతోనే లేపి గుమ్మానికి ఆనించారు. అమ్మా అనలేదు, అబ్బా అనలేదు. ఆ రోజు ఆయన పాట అందిస్తుంటే గూడెం గూడెమంతా అందుకుంది. డోళ్లు మోగాయి. నా కాళ్లు కూడా ఆగలేదు... సండే స్కూల్ టీచరు అయ్యుండి!

పాస్టరు గారు దేవదూత అన్నారు. సాక్ష్యం చెప్పమన్నారు. లేచి, దేవుడు కాపాడాడు అని చెప్పి కూర్చున్నాను. అంతవరకు నాకు తెలుసు. ఎవరి చేత కాపాడించాడో తెలియదు. తెలియనిది తెలిసినట్టు చెబితే అది అబద్ధమే కదా.

ముత్తవ్వను పక్కకు పిలిచి అడిగాను. "అవ్వా, రాత్రి ఎవరన్న వచ్చిండ్రా మందిరంలకు?"

"ఆ వానల ఎవరొస్తరు బిడ్డా?" అంది. కొంచెం ఆగి, "చుట్టాలను ఒంటిగ పడుకోనియ్యం గానీ మా గూడెంల..." అని, కర్ర పొడుచుకుంటూ వంటల దగ్గరికి వెళ్లిపోయింది. ఆ మాటకు అర్థమేమిటో నేను ఇప్పటిదాకా ఆలోచిస్తూనే ఉన్నాను.

ఖమ్మం డాక్టరు మొత్తం విన్నారు. నవ్వలేదు. పక్కకు తిరిగి పడుకుంటే కొందరికి ఊపిరి ఆగడం తగ్గుతుందన్నారు. అలసిన మనిషి కూర్చునే కలగంటుందన్నారు. "ఏదేమైనా మిషను లేకుండా పడుకోవద్దు. బ్యాటరీ కొనండి" అన్నారు. కలో కాదో నాకు తెలుసు. బ్యాటరీకి మాత్రం అదే రోజు చెప్పి వచ్చాం.

అది ఇంటికి చేరకముందే ఒక రాత్రి నేలకొండపల్లిలో కరెంటు పోయింది. మిషను ఆగింది. లేచి కూర్చుని, ఆయన మాస్కు తీశాను. టార్చి వేయలేదు. ఆయన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని... విన్నాను. గురక... గురక... ఆగింది.

తలగడ వైపు తల వంచి ఎదురుచూశాను. ఏమీ లేదు... ఇంకొంచెం... ఏమీ లేదు. ఇక ఓర్చుకోలేక కుదిపాను. గాలి మింగి లేచారు.

"కరెంటు పోయిందా?"

"అవ్."

చీకట్లో తలగడ అవతలికి తల తిప్పారు. తర్వాత నెమ్మదిగా అడిగారు. "వచ్చిండ్రా... ఆ రాత్రి వచ్చినోళ్లు?"

"రాలే. నేనున్న గద. పడుకో."

ఆయనకు నవ్వొచ్చింది. నాకూ వచ్చింది. మంచం ఊగేటట్టు నవ్వుకున్నాం. నవ్వు ఆగింది. ఆయన మళ్లీ పడుకోలేదు. ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని, చీకట్లో... వింటూ ఉన్నాం.