రేపల్లెలో ఒక నిద్ర

నా భార్య పెద్దకర్మ అయిన మర్నాడు మా బావమరిది రేపల్లె నుంచి తెనాలి వచ్చాడు. గుమ్మంలో చెప్పులైనా విప్పకుండా, "బావా, బట్టలు సర్దుకోండి. మధ్యాహ్నం బండికి పోదాం" అన్నాడు. ఇంట్లో మనిషి పోతే, కర్మ ముగిశాక దగ్గరి బంధువులు వచ్చి మిగిలినవాళ్లను తీసుకెళ్లి, ఒక రాత్రి తమ ఇంట్లో పడుకోబెట్టి పంపుతారు. మా వైపు దాన్ని నిద్ర చేయించడం అంటారు.

ఒక జత బట్టలూ రెండు లావుపాటి పుస్తకాలూ సంచిలో పెట్టాను. ఒక్క రాత్రికి రెండు పుస్తకాలెందుకని అడిగే మనిషి ఇంట్లో లేదు.

నాకు ఒకటే సందేహం. ముప్ఫయ్యేళ్లకు పైగా రేపల్లె అంటే నాకు అత్తవారి ఊరు. ఆవిడే లేకపోతే ఆ ఊరు నాకేమవుతుంది? ఈ నిద్ర నన్ను ఓదార్చడానికా, మర్యాదగా సాగనంపడానికా? బావమరిదిని సూటిగా అడిగితే సరిపోయేది. నాలుగు పుస్తకాలు చదివినవాడికి అది చేతకాదు. ఊరి పేరు మీద ఉపన్యాసం మొదలుపెడతాడు.

బండి వేమూరు దాటగానే నేనూ మొదలుపెట్టాను. పాత కావ్యాల్లో రేపల్లె అంటే కృష్ణుడు పెరిగిన గొల్లపల్లె. వ్రేపల్లె అని కూడా రాసేవారు. యమున ఒడ్డున ఉండవలసిన ఆ పేరు మన కృష్ణ ఒడ్డున ఎలా స్థిరపడిందో ఎవరూ గట్టిగా చెప్పలేరు. రైలు వచ్చాక తెనాలి స్టేషన్లో రేపల్లె అంటే ఊరు కాదు, ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్న బండి. 'రేపల్లె వెళ్లిపోయిందా?' అని జనం పరుగెత్తుకొచ్చేది అందుకే. ఇప్పుడు జిల్లాలు విడగొట్టాక రేపల్లె అంటే బాపట్ల జిల్లా. ఇక బాపట్ల సంగతికొస్తే...

"బావా," అన్నాడు బావమరిది, కిటికీ లోంచి తల తిప్పకుండా. "ఇదంతా మా అక్కకి చెప్పారా?"

"చాలాసార్లు."

"ఏమందేంటి?"

ఏమందో నాకు బాగా గుర్తుంది. పెళ్లయిన కొత్తలో ఇదే లైన్లో, గోపికలనీ వెన్నముద్దలనీ చాలాసేపు చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, "మా ఊళ్లో గేదెలే ఎక్కువండీ. అవిచ్చేదాంట్లో సగం నీళ్లే" అంది. తరవాత బాపట్లలో ఉద్యోగం చేస్తున్నప్పుడు, భావనారాయణస్వామి పేరు మీద ఆ ఊరిని భావపురి అనేవారని చెప్పాను. "ఏ పురయితే ఏంటండీ, కుళాయి రాలేదు. బిందె తీసుకుని బోరింగు దగ్గరికెళ్లండి" అంది. వెళ్లాను.

ఇది విని బావమరిది గట్టిగా నవ్వాడు. నవ్వి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, మళ్లీ కిటికీ వైపు తిరిగాడు. భట్టిప్రోలు వచ్చినప్పుడు అక్కడి స్తూపం గురించి చెప్పబోయి నోరు మూసుకున్నాను. నాకు ఆ మాత్రం నిగ్రహం ఉందంటే ఆవిడ నమ్మేది కాదు.

ఇంట్లో బావమరిది భార్య ఎదురొచ్చి కాళ్లకు నీళ్లిచ్చింది. మంచం మీద కొత్త దుప్పటి, పక్కన కొత్త గ్లాసు. అంతవరకూ ఆ ఇంట్లో నేను చేతికందిన సొట్ట గ్లాసుతోనే తాగాను. కొత్త గ్లాసు చూడగానే నాకు భయమేసింది. అతిథినైపోయాను. రాత్రి అన్నం దగ్గర కూడా ఎవరూ నన్ను ఎగతాళి చెయ్యలేదు. టీవీ గొంతు తగ్గించారు. ఇంత గౌరవం నేనెప్పుడూ ఎరగను. వెంట తెచ్చిన పుస్తకాల్లో ఒకటి తెరిచి, చదువుతున్నట్టు కూర్చున్నాను.

పొద్దున్నే చేపల ఆవిడ గంప దించుతూ నన్ను చూసింది. "అల్లుడుగారొచ్చారే! అమ్మాయి లోపలుందాండీ?" అంది.

బావమరిది భార్య వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేలోపే నేను జవాబు చెప్పేశాను. "లేదండి. ఈసారి నేనొక్కణ్ణే."

ఈసారి ఏంటో నాకే తెలియదు. పుస్తకాలు చదివి సంపాదించిన మాటల్లోంచి ఆ సమయానికి నాకు దొరికింది అదే. విషయం తెలిశాక ఆవిడ గంప పక్కనే చతికిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి లేచి, "మా ఊరల్లుడు బొత్తిగా చిక్కిపోయాడు తల్లీ, బొమ్మిడాయిలు పులుసు పెట్టు" అని చెప్పి వెళ్లింది.

పులుసుతో తిని, సంచి భుజాన వేసుకుని, గడప దాటుతూ ఎప్పటి అలవాటు కొద్దీ, "వెళ్లొస్తానమ్మా" అన్నాను.

ఇద్దరూ కొయ్యబారిపోయారు. చావుకు సంబంధించిన రాకపోకల్లో ఆ మాట అనకూడదు. చెప్పకుండా లేచి వెళ్లిపోవాలి. వెళ్లొస్తానంటే చావు మళ్లీ వస్తుందని భయం. ఈ ఆచారం గురించి నేనొకసారి ఎవరికో అరగంట వివరించాను కూడా.

"ఏంటి బావా అది! అన్నీ తెలిసినవాళ్లు మీరే ఇలా అంటే ఎలా?" అన్నాడు బావమరిది. "లోపలికి రండి. కూర్చుని మంచినీళ్లు తాగి, మాటామంతీ లేకుండా వెళ్దురుగాని."

తప్పు చేసిన పిల్లాడిలా లోపలికెళ్లి కూర్చున్నాను. నీళ్లు తెచ్చిన బావమరిది భార్య గ్లాసు అందిస్తూ, మొగుడు వినేలాగే అంది. "అనేశారుగా అన్నయ్యగారూ, ఇంక రాక తప్పదు. వచ్చేటప్పుడు దుగ్గిరాల్లో మంచి పసుపు కొమ్ములు చూసి రెండు కేజీలు తెండి. ఇక్కడివి ఏం బాగోవు."

"నోర్ముయ్యవే," అన్నాడు బావమరిది.

"నేనేం అన్నాను? పసుపు తెమ్మన్నాను. శుభమేగా?"

నేను నీళ్లు తాగాను. ఎవరి మొహమూ చూడకుండా లేచి, ఒక్క మాటైనా అనకుండా బయటికొచ్చాను. బావమరిది స్టేషన్ దాకా మోటారుసైకిల్ మీద దింపాడు. దారంతా నాకు ఉపన్యాసం ఏదీ గుర్తుకు రాలేదు. నేను రైలు పెట్టె ఎక్కి కూర్చున్నాక అతను కిటికీ దగ్గరికొచ్చి ఊచ పట్టుకున్నాడు.

"కేజీ చాలు బావా," అన్నాడు. "అది అలాగే అంటుంది. రెండు మొయ్యకండి."