వాగులో ఒరిగిన ప్రభ

ఆ రోజుల్లో నాకు ఏ తప్పూ అంటుకునేది కాదు. అంత మంచివాణ్ణని కాదు, ప్రతి తప్పునూ విధి నెత్తిన రుద్దే విద్య నాకు బాగా అబ్బింది. ఎస్సెస్సెల్సీలో లెక్కలు తప్పి ఇంటికొచ్చినప్పుడు "నా నుదుట లెక్కలు రాయలేదమ్మా" అన్నాను. అమ్మ కళ్ళొత్తుకుంది. నాన్న మాత్రం "నుదుటి సంగతి తర్వాత, పేపర్లో ఏం రాశావురా?" అన్నాడు. (పేపర్లోనూ ఏమీ రాయలేదు. ఆ మాట ఆయనకు చివరిదాకా చెప్పలేదు.) కిరసనాయిలు కూడా కంట్రోలు రేషన్లో దొరికే యుద్ధం రోజులవి. నాకు పంతొమ్మిదేళ్ళు. చదువూ లేదు, పనీ లేదు, మీసం మాత్రం వస్తోంది.

ఆ ఏడు శివరాత్రికి మా ఊరి ప్రభతో నేనూ కోటప్పకొండకు బయల్దేరాను. ప్రభ అంటే మాటలు కాదు. బండి మీద వెదురు బొంగులతో తాటిచెట్టంత చట్రం కట్టి, దాన్నిండా రంగుగుడ్డలు, అద్దాలు, కాగితప్పూలు అలంకరిస్తారు. ముందు ఎడ్లు లాగుతుంటే, పైకొస నుంచి కుడి ఎడమలకు దిగిన మోకుతాళ్ళని మనుషులు బిగబట్టి నడవాలి. ఒక పక్క మోకు వదులైతే ప్రభ రెండో పక్కకు వాలిపోతుంది. మా ఊరి ప్రభ కట్టేది మేస్త్రీ మామ. వడ్రంగి. ఆయన చేతి ప్రభ ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఒరగలేదు. పాపం, ఆయనకున్న ఆస్తల్లా ఆ పేరే.

ప్రభకు పెద్ద మా పెదనాన్న. కోపానికి పెట్టింది పేరు, భక్తికీ అంతే. దారిలో కలిసిన ఒక స్వామిని బతిమాలి బండెక్కించుకున్నాడు. మధ్యాహ్నం చింతతోపులో ఆగినప్పుడు ఆ స్వామి చెప్పిన ప్రసంగం నా చెవుల్లో అమృతం పోసింది. "నువ్వు తుమ్మినా, దగ్గినా, అంతా ముందే రాసుంది నాయనా. చేసేవాడివి నువ్వు కాదు, కనక నీకు పాపమూ లేదు." ఇంతకాలం నేను ఒంటరిగా నమ్ముకున్న సిద్ధాంతానికి కాషాయగుడ్డల్లో సాక్ష్యం దొరికింది! ఊరంతా తలలూపింది. విననిది మేస్త్రీ మామ, ఆయన మనుషులే. ఇరుసు సడలిందని వాళ్ళు బండి కింద దూరి ఉన్నారు.

ప్రసంగం ఫలితం వెంటనే కనిపించింది. ఉపవాసం ఉంటానని అమ్మకు మాటిచ్చి వచ్చినవాణ్ణి, పెదనాన్న మూటలోని అరిసెలు నాలుగు తినేశాను. తినాలని రాసుంది, తిన్నాను. ఎడ్లకు నీళ్ళు పెట్టాల్సిన బాబాయి తుండు పరుచుకుని నిద్రపోయాడు. మరొకాయన పక్కచేలో కందికాయలు ఒడినిండా కోసుకొచ్చి, అడిగితే ఆకాశంలోకి చూపించాడు. అంత హాయైన మధ్యాహ్నం నా జీవితంలో మళ్ళీ రాలేదు.

పొద్దు వాలేముందు వాగు దగ్గరకొచ్చాం. ఎడమ మోకు మేస్త్రీ మామ వాళ్ళది. కుడి మోకు మా ఆరుగురిది. ఎడ్లు గట్టు దిగుతుంటే ప్రభ ఊగింది. "బిగబట్టండిరోయ్!" అని మామ కేక. నా అరచేతులు అప్పటికే బొబ్బలెక్కి మండుతున్నాయి. సరిగ్గా అప్పుడే వేదాంతం గుర్తొచ్చింది. పడాలని రాసుంటే పట్టుకున్నా పడుతుంది, నిలవాలని ఉంటే వదిలినా నిలుస్తుంది, మధ్యలో నా బొబ్బలెందుకు? పైగా ఇంకా అయిదుగురున్నారు కదా! మెల్లగా వేళ్ళు సడలించాను.

ప్రభ ఎడమకు ఒరిగింది. ఫెళఫెళమని బొంగులు విరిగాయి. మేస్త్రీ మామ మోకుతో సహా నీళ్ళలో బోర్లాపడ్డాడు. అద్దాలు, కాగితప్పూలు వాగులో కొట్టుకుపోయాయి. అందరికంటే ముందు బండి మీంచి దూకి గట్టెక్కింది స్వామి. ఆ వయసులో అంత పరుగు ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు.

అంతా రాసుందని మధ్యాహ్నం తలూపిన పెదనాన్న, "ఏంది మేస్త్రీ ఈ కట్టుడు? ఊరి పరువు వాగులో కలిపావు గదయ్యా! వచ్చే ఏడు వేరే ఊరోళ్ళతో కట్టిస్తా!" అని విరుచుకుపడ్డాడు.

మామ ఎదురాడతాడనుకున్నాను. తడిగుడ్డలతోనే కూర్చుని విరిగిన బొంగును తడిమి తడిమి చూశాడు. "నిజమే పెద్దయ్యా. ఈ మధ్య కళ్ళు మసకేస్తన్నయ్. ముడి యాడో వదులైనట్టుంది. తప్పు నాదే. ఇంక నేను కట్టను" అన్నాడు.

గట్టు మీంచి స్వామి "రాసుంది నాయనా" అన్నాడు. మధ్యాహ్నం తేనెలా వినిపించిన మాట ఇప్పుడు ఒంటికి కారం రాసినట్టనిపించింది. ఎంత సర్దిచెప్పుకున్నా, వేళ్ళు సడలించింది ఎవరో నాకు తెలుసు. ఏడుపొచ్చింది.

"పెదనాన్నా, మామ కట్టు మంచిదే. మోకు నేను వదిలేశా" అన్నాను.

ఆయన చెయ్యెత్తాడు. అంతలో నా వెనకాల నిద్రపోతు బాబాయి గొణిగాడు: "నేను గూడా వదిలానన్నా. మిగతావోళ్ళు పట్టుకున్నారు గదాని." కందికాయలాయన "నేను అంతకుముందే వదిలా" అన్నాడు. మిగతా ముగ్గురూ కాలి బొటనవేళ్ళు చూసుకుంటున్నారు.

"ఒరేయ్, మరి మోకు పట్టుకుందెవర్రా?" అని పెదనాన్న అరిచాడు.

ఎవరూ లేరు. ఆరుగురం ఒకే ప్రసంగం విన్నాం, ఒకేసారి జ్ఞానులమయ్యాం.

మేస్త్రీ మామ ముఖం చూడాలి! "అయితే నా కళ్ళు చానా బాగున్నయ్యి గదంట్రా!" అని లేచి, నీళ్ళు కారుతున్న పిలకతో పకపకా నవ్వాడు. పెదనాన్నకూ నవ్వొచ్చింది గానీ, ముందు నా వీపు మీద ఒకటి వేసి తర్వాత నవ్వాడు. అరిసెల సంగతి అప్పుడే చెప్పేస్తే రెండు తప్పులూ ఒక్క దెబ్బతో పోతాయని చెప్పాను. రెండోదీ పడింది. స్వామి ఎటు వెళ్ళాడో ఎవరూ చూడలేదు. విరిగినంత మేర కోసేసి, పొట్టి ప్రభతో అందరికంటే ఆఖర్న కొండ చేరాం. దారంతా ఆ మోకును ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, బొబ్బలన్నీ పగిలిపోయాయి.

మరుసటి ఏడు కూడా ప్రభ మామే కట్టాడు. మోకు మీద ఒకచోట ఎర్రగుడ్డ పీలిక చుట్టి, "అల్లుడూ, ఇది నీ జాగా" అన్నాడు. నాలో పాత రోగం పూర్తిగా పోలేదు. "మామా, అసలు రాత అనేది ఉందంటావా?" అని అడిగాను. ఆయన ముడిని పళ్ళతో బిగిస్తూ, "ఉంటే ఉండనీరా. ముందు మోకు పట్టు" అన్నాడు.

ఆ వేసవిలో లెక్కలు గట్టెక్కాయి, అత్తెసరు మార్కులే అనుకోండి. ఇప్పుడీ ముసలితనంలో పొద్దున్నే నడవమని డాక్టరు చెప్పినా మంచం దిగబుద్ధి కాదు. మన ఆయుష్షు ఎంత రాసుంటే అంతే కదా అని దుప్పటి ముసుగేస్తాను. కాసేపటికి నా అరచేతులు, ఆ పంతొమ్మిదేళ్ళ వెధవ అరచేతులు, చిన్నగా మండినట్టనిపిస్తుంది. నవ్వుకుంటూ లేచి చెప్పులేసుకుంటాను.