అది తేమ చేసిన శ్రుతి కాదు

ఈ సంగతి ఇప్పటికి మూడు ఉత్తరాల్లో రాశాను. రెండు అమెరికాకు, ఒకటి మా చర్చి కమిటీకి. ఒక్కదానికీ జవాబు రాలేదు. అమెరికా దూరం, మధ్యలో ఉత్తరాలు విప్పి చదివేవాళ్లున్నారు, పోనీ అని సర్దుకుంటాను. చర్చి మాత్రం ఇక్కడే రంగూన్‌లో, చిమిండైంగ్‌లో మా ఇంటికి నాలుగు వీధుల అవతలే ఉంది. పియానోలు శ్రుతి చేసేవాడి అనుభవం ఒకటి రాయమని మీ పత్రిక అడిగింది. నా దగ్గర ఉన్నది ఇదొక్కటే. మిగతావి మరిచిపోయాను.

సైన్యం అధికారంలోకి వచ్చి పదేళ్లు దాటాక, ఒక వానాకాలం. రంగూన్‌లో పియానోలున్న ఇళ్లు తగ్గిపోయాయి, శ్రుతి చేసేవాళ్లం ఇంకా తగ్గిపోయాం. మా నాన్న వదిలివెళ్లిన ట్యూనింగ్ లీవర్, అంటే తీగల మేకులు తిప్పే పిడి, నాకు మిగిలిన ఆస్తి. తీగల మధ్య దూర్చే ఫెల్ట్ ముక్కలు బజార్లో దొరక్క, పాత బిలియర్డ్స్ బల్ల గుడ్డ కోసి వాడేవాణ్ణి.

అప్పుడు ఒక అమెరికా ఆయన పిలిపించాడు. విదేశీ ఉద్యోగుల పిల్లల బడిలో సంగీతం చెప్పడానికి రెండేళ్లకు వచ్చినవాడు. సొంత దేశంలో స్వరకర్త. పంతులు కాబట్టి అందరూ బర్మీస్‌లో ‘సయా’ అనేవారు. గోధుమ పొలాల మధ్య చిన్న ఊళ్లో పుట్టి, చర్చి ఆర్గాన్ మీద తనంతట తానే నేర్చుకున్నాడట. బళ్లో పిల్లలకు ముందు కుండ మూతలిచ్చి, మోగించిన శబ్దం పూర్తిగా చచ్చేదాకా చెవి పెట్టి వినమనేవాడు. ఆయన రాసిన సంగీతం కూడా అలాగే ఉండేది. ఒక్క స్వరం, తర్వాత చాలాసేపు ఏమీ లేదు. నాకది నచ్చిందని చెప్పను. కానీ ఆయన వినే తీరు నచ్చింది.

“డేనియల్, ఈ పియానోను ఊ బ తిన్ డోళ్లతో కలపాలి” అన్నాడు.

ఊ బ తిన్ బర్మా మేళం వాయించే పెద్దాయన. పెద్దవాళ్ల పేరు ముందు ‘ఊ’, ఈడువాళ్ల పేరు ముందు ‘కో’ చేర్చడం బర్మావాళ్ల మర్యాద. ఆ మేళంలో ఇరవై ఒక్క డోళ్లు గుండ్రంగా కట్టి, వాద్యకారుడు మధ్యలో కూర్చుంటాడు. ఆ శ్రుతి మన పియానో శ్రుతి కాదు.

“సయా, మంచి పియానోను పాడు చేయమంటున్నారు” అన్నాను.

“కాదు. నాకు శ్రుతి తప్పిన పియానో వద్దు. వేరే శ్రుతిలో ఉన్న పియానో కావాలి. రెండూ ఒకటి కావని నీకంటే ఎవరికి తెలుసు?”

ఆ మాట గుర్తుపెట్టుకోండి. నేను మరిచిపోలేదు.

మొదటి రోజు తప్పు నాదే. పొద్దున డోళ్లు వింటూ ఒక్కొక్క తీగా బిగించాను. రెండు స్వరాలు దగ్గరకొచ్చి ఇంకా కలవనప్పుడు ఒక అల లేస్తుంది. దాన్ని బీట్ అంటాం. అది ఆగేదాకా లీవర్ తిప్పడమే మా పని. మధ్యాహ్నానికి సగం మెట్లు, అంటే వేళ్లతో నొక్కే మీటలు, అయ్యాయి. మళ్లీ మొదటినుంచి వాయించి చూస్తే ఒక్కటీ డోలుతో కలవదు. ఊ బ తిన్ టీ తాగుతూ చూస్తున్నాడు.

“కో డేనియల్, పొద్దున విన్న డోలు ఇప్పుడూ అదే డోలు అనుకున్నావా?” అని నవ్వాడు. డోలు మధ్యలో అన్నం, బూడిద కలిపిన ముద్ద అంటిస్తారు. అది ఆరేకొద్దీ స్వరం పైకి పోతుంది. వాయించేవాడు మాటిమాటికీ సరిచేసుకుంటాడు. “మా డోళ్లు అన్నం తింటేనే మాట వింటాయి. నీ పెట్టె ఏం తింటుంది?”

“నా నడుము” అన్నాను.

ఆ ఒక్కరోజు పని వృథా అయింది. మర్నాడు ఆయన మేళంలోని ఇరవై ఒక్క ఇత్తడి గంటలు తెప్పించాను. వాటి కింద మైనం, సీసం ఉంటాయి కాబట్టి రోజంతా ఒకే స్వరం పలుకుతాయి. ఇంకో మూడు రోజులు పట్టింది. ఏడో స్వరం దగ్గర నా చెయ్యి నా మాట వినలేదు. నేను పుట్టి పెరిగిన చర్చి పాటల్లో ఎక్కడా లేని స్వరం అది. బిగించబోతాను, ఊ బ తిన్ “దించు” అంటాడు. దించితే “అంత కాదు” అంటాడు. నాలుగో రోజు సాయంత్రం సయా పియానో, ఊ బ తిన్ డోళ్లు కలిసి వాయించారు. బయట వాన. సయా కళ్లు తుడుచుకున్నాడు. నాకు మాత్రం ఎప్పుడు పడుకుందామా అని ఉంది.

పని ముగిశాక ఎడమ చివరి మెట్టు బయటికి తీసి, దాని చెక్క పక్కన పెన్సిల్‌తో పేరు, తేదీ రాయడం మా అలవాటు. సయా టార్చిలైటు పట్టాడు. “నా పేరున్న చోట నీ పేరూ ఉంటుంది” అన్నాడు. నేను అడగలేదు. ఆయనే అన్నాడు.

ఇంటికి పోతే మా ఆవిడ మార్త గుమ్మంలోనే పట్టుకుంది. “ఏటయ్యా, నాలుగు రోజులు ఆ దొర కొంపలో ఏటి సేసినావు? వార్డు ఆఫీసోలు రెండుసార్లొచ్చి ఎల్లినారు.”

వార్డు ఆఫీసుకు వెళ్లి కూర్చున్నాను. విదేశీయుడి ఇంట్లో ఏం పని అని అడిగారు. ఫలానా రోజు డోళ్లకు, ఫలానా రోజు గంటలకు పియానో శ్రుతి చేశానని మొత్తం చెబితే, గుమాస్తా అక్షరం వదలకుండా రాసుకుని సంతకం పెట్టించుకున్నాడు. ఆ పని నేను చేశానని కాగితం మీద ఉన్నది అక్కడొక్కచోటే. దాని నకలు అడిగే ధైర్యం నాకు లేదు.

సర్కారు సయాకు గడువు పొడిగించలేదు. సామానుతో పాటు పియానో కూడా ఓడెక్కింది. కొన్నేళ్లకు మా క్వాయర్ పెద్ద అప్పలనరసయ్య గారి చేతికి ఎవరి ద్వారానో ఆయన ఆ పియానో మీద వాయించిన రికార్డు వచ్చింది. అట్ట వెనక ఇంగ్లీషులో సయా రాసిన మాటలు నలుగురిలో చదివి వినిపించారు. ‘రంగూన్ వానల తేమ ఈ పియానోను తనకు తోచినట్టు మార్చేసింది. నేను దాన్ని ముట్టుకోకుండా అలాగే వాయించాను.’

“ఏటి దానియేలూ, నువ్వు సేసిన పియానో యిలగుంటాదా?” అన్నారు. అందరూ నవ్వారు. క్రిస్మస్‌కి చర్చి పియానో పని ఇంకొకరికి ఇచ్చారు. ఎందుకని అడుగుతూ ఉత్తరం రాశాను. ఆదివారం కనబడితే “వందనాలు” అంటారు, అంతే.

మార్త వేరేగా అంటుంది. “నీ పేరు రాసుంటే వార్డోలు నిన్ను వొగ్గుదురా? నీ మంచికే దాసినాడేమో.” ఆ సంగతి నేనూ ఆలోచించాను. కానీ పేరు దాచడం వేరు, పని దాచడం వేరు. ‘రంగూన్ పనివాడొకడు’ అని రాస్తే నన్నెవరు పట్టుకుంటారు? తేమ ఇరవై ఒక్క గంటలతో కలిసేలా తీగలు బిగిస్తుందా? ఇదే సయాకు రాశాను. రెండో ఉత్తరం పంపిన తర్వాత ఆయన పోయాడని తెలిసింది. ఆ రెండూ ఆయన చదివాడో లేదో తెలియదు. ఊ బ తిన్ అంతకుముందే పోయాడు.

ఇంతకీ నేర్చుకున్నది ఇది. మేం చేసిన శ్రుతి ఆర్నెల్లు నిలిస్తే గొప్ప. చెక్క మీద రాసిన పేరు నిలుస్తుంది. అందుకే ఇప్పుడు ఎంత అలసిపోయినా మెట్టు తీసి రాయకుండా ఏ ఇంటినుంచీ కదలను.

ఆ పియానో ఇప్పుడు అమెరికాలో, తిరిగి వెళ్లాక సయా పాఠం చెప్పిన కాలేజీలో, గాజు తలుపుల గదిలో ఉందట. మీ పాఠకుల్లో అటు వెళ్లేవాళ్లుంటే, ఆ కాలేజీవాళ్లతో ఎడమ చివరి మెట్టు బయటికి తీయించండి. నా రాత ఉంటే ఉందని, చెరిపేసి ఉంటే చెరిపేశారని రాయండి. ఏదైనా సరే. ఈసారి మాత్రం నాకు జవాబు కావాలి.