పొయ్యి వైపు అణువు

డెబ్బైల్లో కంకిపాడు హైస్కూల్లో మాకు సైన్సు చెప్పిన టీచరుగారిని తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది ఆవిడ భుజాలు. పులుసులో పెట్టిన గరిటె కాడ ఎందుకు కాలుతుందో చెప్పడానికి ఆడపిల్లలందరినీ ఒకే బెంచీ మీద ఇరికించి, తనూ ఒక చివర కూర్చునేవారు. "మీరంతా గరిటెలో అణువులు. నేను పొయ్యి వైపున్న అణువుని," అంటూ భుజాలు గబగబా ఊపేవారు. ఆ ఊపు ఒకరి నుంచి ఒకరికి తగులుతూ అవతలి చివరనున్న నా దాకా వచ్చేది. నేను హుషారుగా లేచి నిలబడితే కసిరేవారు. "లేవకూడదే పిల్లా! వేడి ముందుకెళ్తుంది గానీ అణువు తన చోటు వదలదు." తర్వాత మెడ చాచి నన్నే అడిగేవారు, "చివరిదాకా వచ్చిందా?"

మాకు ఆ పాఠం చెప్పిన ఏడే వాళ్లమ్మగారు పోయారు. చర్చిలో ప్రార్థన జరుగుతుంటే టీచరుగారి పక్కన, అదే వరసలో, మేమంతా బెంచీ మీద కూర్చున్నాం. ఆవిడ పంటిబిగువున ఏడుపు ఆపుకున్నారు గానీ భుజాలు ఆగలేదు. ఆ వణుకు ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చి నా భుజానికి తగిలింది. మాలో ఎవరూ లేవలేదు.

ప్రార్థన అయ్యాక కొంగుతో ముఖం తుడుచుకుని, మెడ చాచి నా వైపు చూశారు.

"చివరిదాకా వచ్చిందా?"

"వచ్చిందండీ."